ఎడమ చక్రం

తెల్కపల్లి దాటి లింగాల వైపు పోతున్న పికప్ ముందుకు ఒక బర్రె తీరుబడిగా రోడ్డెక్కింది. యేసయ్య బ్రేకు తొక్కాడు. తొక్కిన మరుక్షణం స్టీరింగు అతని రెండు చేతుల్లో గడగడా ఊగడం మొదలుపెట్టింది. ముందు అద్దం దగ్గర పెట్టిన అగ్గిపెట్టె, బీడీకట్ట ఎగిరి కిందపడ్డాయి. బర్రెకు జానెడు ఇవతల బండి ఆగింది. బర్రె ఒకసారి తల తిప్పి చూసి, ఇందులో తనకేం సంబంధం లేదన్నట్టు అవతలి చేనులోకి దిగిపోయింది.

పక్కసీట్లో కునుకు తీస్తున్న కురుమూర్తి నుదురు అద్దానికి తగలబోయి ఆగింది. బండి అతనిదే. గుట్ట మీద కౌలు పొలం, గుట్ట కింద సొంత పొలం, వాటి పంటను నాగర్‌కర్నూల్ యార్డుకు చేర్చడానికి కొన్న పాత పికప్.

"ఏందిర అది?" అన్నాడు.

"నేను చెప్తనే ఉన్న గద పటేలా. మామూలుగ పోతె ఏం లేదు. బ్రేకు కొడ్తె చాలు, స్టీరింగు గిట్ల ఊగుతున్నది. నెల నుంచి చెప్తున్న."

"ఊగేది స్టీరింగా, నీ చేతులా?"

యేసయ్య చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. అవి కదలడం లేదు. కావాలంటే చూసుకొమ్మన్నట్టు కాసేపు అలాగే ఉంచాడు. కురుమూర్తి చూడలేదు. వంగి బీడీకట్ట వెతుక్కుంటున్నాడు.

ఆ దిక్కున చేతులు ఊగుతున్నాయన్న మాటకు ఎంత బలం ఉంటుందో అక్కడివాళ్లకే తెలుసు. కల్లులో ఏం కలుపుతారో కలిపేవాడికే ఎరుక. తాగినన్నాళ్లు మనిషి బాగానే ఉంటాడు. మానేసిన నాడే చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, కొందరికి మతి కూడా చెదిరిపోతుంది. యేసయ్య క్రిస్మస్ నాడు మానేశాడు. అతని చేతులూ వణికాయి, అబద్ధమెందుకు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేవి. దేవమ్మ పిల్లవాడికి పెట్టినట్టు అన్నం కలిపి నోట్లో పెట్టింది. సంక్రాంతి పోయే సరికి చేతులు నిలబడ్డాయి. ఇప్పుడు మార్చి నెల. అయినా ఊరికి ఆ వణికిన రోజులే గుర్తున్నాయి, నిలబడిన రోజులు ఎవరి కంటికీ ఆనలేదు.

"ఆదివారం దాక చూస్త," అన్నాడు కురుమూర్తి బీడీ ముట్టించుకుని. "గిట్లనే ఉంటె మా అక్క కొడుకు నాగేశ్ ఖాళీగనే ఉన్నడు. ఆన్ని కూసోబెడ్త. నువ్వు రంది పడకు, చేన్ల పని ఎటుబోయింది."

కురుమూర్తిని చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. దవాఖానకు పోవాలంటే బండి ఇస్తాడు, పండక్కి బట్టలు పెడతాడు. తన తల్లిని, తన బండిని, తన నోటి నుంచి వచ్చిన మాటను మాత్రం ఎవరూ ఏమీ అనకూడదు, అంతే. అంతవరకు బంగారంలాంటి మనిషి.

చేన్ల పని ఎటుబోయింది అనడం కురుమూర్తికి తేలికే. బొంబాయిలో కాంక్రీటు తట్టలు మోసి మోసి, అక్కడి మేస్త్రి లారీ మీద పని నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని ఊరికి వచ్చిన మనిషి యేసయ్య. అంతకుముందు ఊళ్లో అతన్ని ఏసుగాడు అనేవాళ్లు. ఇప్పుడు డ్రైవర్ యేసయ్య అంటున్నారు. పై కులాల వాడల పిల్లలు కూడా అంటున్నారు. ఆ సీటు దిగితే మళ్లీ ఏసుగాడే. ఆ సంగతి అతనికి తెలుసు కనకే ఇంటికి చేరేదాకా ఎక్కడా గట్టిగా బ్రేకు వేయలేదు. గేర్లు తగ్గిస్తూ, దూరం నుంచే నెమ్మది చేస్తూ, దొంగలాగా బండి నడిపాడు.

మర్నాడు గుట్ట మీది వేరుశనగ దించాలి. పీకిన చెట్లను అక్కడే కొట్టి, కాయను మూటలకెత్తారు. ఆ కూలీల్లో దేవమ్మ కూడా ఉంది. మూటలు నిండిన బండి గుట్ట దిగడమంటే మాటలు కాదు. మలుపు వెనక మలుపు. పైనుంచి బరువు తోస్తూ ఉంటుంది, యేసయ్య కాలు బ్రేకు మీది నుంచి లేవదు. దిగే సరికి ముందు చక్రాల దగ్గర కాలిన ఇనుము వాసన వస్తుంది. గుట్ట అడుగునే ఊరు, ఊరి మొదట్లోనే కురుమూర్తి ఇల్లు. వాకిట్లో బండి ఆగీ ఆగకముందే అతని తల్లి జములమ్మ ఇత్తడి బిందెతో గడప దగ్గర సిద్ధంగా ఉంటుంది.

ఆ ఇంట్లో బయటి నుంచి ఎవరొచ్చినా కాళ్లకు నీళ్లివ్వడం ఆచారం. పొలం నుంచి వచ్చిన ఎడ్ల కాళ్ల మీద కూడా పోసేవాళ్లు. ఎడ్లు పోయి బండి వచ్చింది. ఆచారం అలాగే నిలిచింది. ముసలమ్మ నడుం వంచి, గడప పక్కకు వచ్చి ఆగిన ఎడమ చక్రం మీద బిందెడు నీళ్లూ కుమ్మరించింది. చుయ్యిమని ఆవిరి లేచింది. తరువాత చెంబు పట్టుకుని మెల్లగా అటు తిరిగిపోయి కుడి చక్రం మీద నాలుగు చుక్కలు చిలకరించింది. బిందె మోసుకుని అంత దూరం ఆమె తిరగలేదు. చివరికి ఇంటి దేవుణ్ణి తలుచుకుని బండి ముందు నేల మీద సాక పోసి, పసుపు చేత్తో బానెట్ మీద ఒక బొట్టు పెట్టింది.

"గుట్ట దిగొచ్చింది, అలిసిపోయి ఉంటది. కాళ్లకు నీళ్లియ్యకుంటె ఎట్ల బిడ్డా?" అంది యేసయ్యతో.

యేసయ్యకు ఆమె అంటే ఇష్టం. తనను బిడ్డా అని పిలిచే మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. వసారా చూరులో దోపి ఉన్న తన గ్లాసు తీసుకుని పట్టాడు. ఆమె పైనుంచి మజ్జిగ వంచింది. గ్లాసు నిండినా ఒక్క చుక్క ఒలకలేదు. అది ఆమె చూసింది. చూసి, "మంచిగున్నయి నీ చేతులు," అంది మెల్లగా. కొడుకు ఏమన్నాడో ఆమె దాకా వచ్చిందన్నమాట.

శుక్రవారం ఆ మూటలే నాగర్‌కర్నూల్ యార్డుకు వచ్చాయి. కాంటా దగ్గర వరుస పొడుగ్గా ఉంది. మూటలు దిగాక కురుమూర్తి దళారీతో మాట్లాడుతూ కూర్చుంటే, యేసయ్య ఖాళీ బండి తీసుకుని మాసయ్య షెడ్డుకు పోయాడు. మాసయ్య పాత మెకానిక్. కురుమూర్తి బండి, అతని చుట్టాల ట్రాక్టర్లు, వాళ్ల ఊళ్లో ఏది చెడినా ఆ షెడ్డుకే వస్తుంది.

"మాసన్నా, గీ వణుకుడేందో జర తేల్చు. నా బతుకు గీడనే ఆగింది."

"టైర్లు మార్చి చూసినవా?"

"ముందటివి ఎనుకకు, ఎనుకవి ముందటికి ఏసిన. అదే కథ."

"వట్టిగ పోతుంటె ఊగుతదా?"

"లే. బ్రేకు కొడ్తెనే."

మాసయ్య చేతులు గుడ్డకు తుడుచుకుని తానే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఊరి బయటికి, ఖాళీ రోడ్డు మీదికి తీసుకుపోయాడు. బాగా వేగం అందుకున్నాక బ్రేకు వేశాడు. స్టీరింగు అతని చేతుల్లో గడగడలాడింది. అతని భుజాలు, గడ్డం, జేబులోని పెన్ను అన్నీ ఊగాయి.

యేసయ్య పక్కసీట్లో పడీ పడీ నవ్వాడు. "ఏం మాసన్నా, నువ్వెప్పుడు మానినవ్ కల్లు?"

మాసయ్య కూడా నవ్వాడు. మళ్లీ వేగం అందుకుని, ఈసారి కాలు వేయకుండా చేతి బ్రేకు మెల్లగా లాగాడు. బండి నెమ్మదించింది, స్టీరింగు ఉలకలేదు. "ఎనుక చక్రాలల్ల ఏం లేదు. ముందటనే ఉన్నది," అన్నాడు.

షెడ్డులో జాకీ పెట్టి ముందు భాగం లేపారు. మాసయ్య చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ, అటూ ఇటూ గుంజి చూశాడు. బేరింగు గట్టిగా ఉంది, స్టీరింగు రాడ్లు గట్టిగా ఉన్నాయి. చక్రం విప్పాడు. లోపల బ్రేకు డిస్కు, అన్నం తినే పళ్లెమంత ఇనుప బిళ్ల. దాని మీద అక్కడక్కడా నీలి మచ్చలు. స్క్రూడ్రైవరు మొనను దాని అంచుకు వెంట్రుకవాసి దూరంలో నిలిపి పట్టుకుని, "తిప్పు" అన్నాడు. యేసయ్య మెల్లగా తిప్పాడు. సగం చుట్టు ఏ చప్పుడూ లేదు. తరువాత కిర్రుమంది. మళ్లీ చప్పుడు లేదు. మళ్లీ అదే చోట కిర్రుమంది.

"వంకర పోయింది. బ్రేకు పట్టుకున్నప్పుడల్ల గీ వంకర కొట్టుకుంటది, అది స్టీరింగుకొస్తది. గంతే. నీ చేతులల్ల ఏం రోగం లేదు."

కుడి చక్రం కూడా విప్పారు. అక్కడా వంకర ఉంది కాని, చాలా తక్కువ. మాసయ్య అటు చూసి ఇటు చూసి తల గోక్కున్నాడు.

"ఎడమది గింత పోయింది, కుడిది జరంతనే. గిదేందిర? ఏడి మీద నీళ్లు తగిలితె గిట్లయితది. ఏమన్న గుంటల్ల దిగిందా బండి?"

"గీ ఎండలల్ల గుంటలేడివి మాసన్నా?"

అని, యేసయ్య ఆగిపోయాడు. కళ్ల ముందు ఇత్తడి బిందె కనబడింది. ఎడమ చక్రానికి బిందెడు, కుడి చక్రానికి చెంబు. గుట్ట దిగిన ప్రతిసారీ. అతను చెప్తుంటే మాసయ్య స్క్రూడ్రైవరు కింద పెట్టి నోరు తెరుచుకుని విన్నాడు.

"అరె, కొలిమిల ఎర్రగ కాలిన ఇనుముకు నీళ్లు పోసినట్టె గద. పెద్దమ్మ మంచికే పోసింది పాపం. లేతు పట్టిస్తె, మిషన్ మీద గీకి సాపు జేస్తరు. గని నీళ్లు ఆపకుంటె మళ్ల గిదే. మీ పటేల్‌కు చెప్పు, అడిగితె నేను గూడ చెప్త."

యేసయ్యకు ఎంత సంతోషమైందంటే చక్రాల బోల్టులు తనే బిగించాడు, మాసయ్యకు చాయ్ తెప్పించాడు. తప్పు తన చేతుల్లో లేదు. తిట్టుకోవడానికి ఎవరి తప్పూ లేదు కూడా. నీళ్లు కాసేపాగి పోస్తే సరిపోతుంది. ఇంత చిన్న సంగతికా నెలరోజులు తను దొంగలాగా బండి నడిపింది! దారి పొడుగునా ఇలాగే అనుకున్నాడు. పక్కన కురుమూర్తి నిద్రపోతున్నాడు. నిద్ర లేపి చెప్పాలనిపించింది కాని, ఇంటికి పోయాక అందరి ముందూ చెప్తే తన మీద పడ్డ మాట అందరి ముందే పోతుంది కదా అని ఆగాడు. అతను చేసిన పొరపాటు అదే.

వాకిట్లో వెంకటన్న కూర్చుని ఉన్నాడు. ఊళ్లో నలుగురికీ తీర్పు చెప్పే పెద్దమనిషి. ఆయనతో మరో ఇద్దరున్నారు. గడపలో జములమ్మ బియ్యం ఏరుతోంది. నాగేశ్ మంచం మీద కాళ్లూపుకుంటూ సెల్‌ఫోన్ నొక్కుతున్నాడు. యేసయ్య చెప్పులు విడిచి వాకిలి అంచున నిలబడ్డాడు.

"పటేలా, వణుకుడు దొర్కింది. మాసన్న విప్పి చూసిండు. డిస్కులు వంకర పోయినయి. నా చేతులల్ల ఏం లేదు, బండిల గూడ ఏం తప్పు లేదు. ఏడి మీద నీళ్లు పడి గట్లయింది."

"ఏం నీళ్లు?"

"అవ్వ పోసే నీళ్లు. గుట్ట దిగంగనే పోస్తది గద. చల్లార్నంక పోస్తె ఏం గాదంట."

జములమ్మ చేట మీద చెయ్యి ఆగింది. వెంకటన్న దగ్గాడు. యేసయ్య ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. ఎవరూ తిరిగి నవ్వకపోవడం అతనికి కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"మా అమ్మ సాక పోస్తె బండి చెడిందంటవ్?" అన్నాడు కురుమూర్తి. గొంతు పెంచలేదు.

"గట్ల గాదు పటేలా, సాక మాట గాదు, చక్రం మీద..."

"మా తాత దినాల నుంచి పోస్తుండ్రు. ఎడ్లకు పోసినం, ట్రాక్టర్‌కు పోసినం. ఎన్నడన్న చెడినయా? మా ఇంటి దేవుని నీళ్లు చెడ్డయని మీ గుడిల చెప్తుండ్రా నీకు?"

"అయ్యో, దేవుని మాట నేనెందుకంట పటేలా? అవ్వను అడుగు. అవ్వ మీద నాకు..."

"నీ చేతుల వణుకుకు మా అమ్మ చేతులు అడ్డం పెడ్తివి," అన్నాడు కురుమూర్తి. అని చెయ్యి చాపాడు. యేసయ్యకు మొదట అర్థం కాలేదు. తరువాత జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. "సోమారం పెద్దమనుషుల ముందట చూద్దాం. నాగేశ్ తోలుతడు, నువ్వు తోలుతవ్. ఎవరి చేతులల్ల ఊగుతదో ఊరే చూస్తది. అన్యాయం చేసిండు అని నువ్వు రేపు అనొద్దు."

జములమ్మ చేటలోకి చూస్తూ, రాయి లేని చోట రాయి వెతికింది.

ఇంటికి వచ్చి యేసయ్య దేవమ్మతో అంతా చెప్పాడు. చెప్పి, "సోమారం రానీ. నాగేశ్ చేతులల్ల గూడ గడగడ ఊగుతది. అప్పుడు ఏమంటడో చూస్త," అన్నాడు. మాసన్న చేతుల్లో ఊగడం గుర్తొచ్చి మళ్లీ నవ్వుకున్నాడు.

దేవమ్మ పొయ్యిలో కట్టె లోపలికి తోసింది. "బండి ఆళ్ల ఇంట్లనే ఉన్నది గద," అంది.

"ఉంటె?"

"ఏం లే. ఉన్నదంటున్న." పొయ్యి ఊది మళ్లీ అంది. "నువ్వు ఆయనకు ఒక్కనికే చెప్పాల్సుండె. నల్గురి ముందట చెప్తివి."

ఆదివారం ప్రార్థన మధ్యలో, చర్చి కిటికీలోంచి, పికప్ నాగర్‌కర్నూల్ రోడ్డెక్కడం యేసయ్య చూశాడు. నాగేశ్ తోలుతున్నాడు, పక్కన కురుమూర్తి. పిల్లవాడికి చెయ్యి తిరగాలని తీసుకుపోతున్నాడు కాబోలు అనుకున్నాడు. దేవమ్మ కూడా చూసింది. ఆమె పాట ఆపేసింది. మొగుడి మొహం చూసి మళ్లీ అందుకుంది.

సోమవారం పొద్దున్నే కురుమూర్తి వాకిట్లో జనం చేరారు. వేరుశనగ పనికి పోవలసిన కూలీలు కూడా ఆగారు. పని పోయినా సరే ఈ తమాషా పోకూడదనుకున్నారు. మాసయ్య కూడా వచ్చాడు. అతన్ని చూడగానే యేసయ్యకు ధైర్యం వచ్చింది. పలకరించబోతే మాసయ్య చెట్టు కింద ఉన్న ఒక ట్రాక్టరు దగ్గరికి పోయి దాని టైరు నొక్కి చూశాడు.

నాగేశ్ తెల్లవారుజామునే గుట్ట మీదికి పోయి మూటలతో దిగి వస్తున్నాడు. బండి వాకిట్లోకి వచ్చి, ఎప్పటిలాగే గడప పక్కన ఎడమ చక్రంతో ఆగింది. జములమ్మ బిందెతో లేచింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె చక్రం దాకా వచ్చింది. చక్రం దాటి, ఇంకా రెండడుగులు వేసి, బండికి ఎదురుగా నేల మీద బిందెడు నీళ్లూ కుమ్మరించింది. చక్రాల మీద చుక్క పడలేదు. కుడివైపు చెంబుతో పోనే లేదు. వాకిట్లో ఎవరికీ ఆ తేడా కనబడలేదు, కనబడినవాళ్లు చూడనట్టు ఊరుకున్నారు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని తిరిగిపోతున్న ఆమెకు యేసయ్య ఎదురుపడ్డాడు. ఆమె కళ్లు దించుకుని లోపలికి పోయింది. తన మాట ఆమె నమ్మింది. ఆ ఇంట్లో అందరూ నమ్మారు. నమ్మారు కాబట్టే ఇదంతా జరుగుతోందని అప్పుడు తెలిసింది అతనికి.

అతను గబగబా పోయి చక్రం పక్కన కూర్చుని, రంధ్రంలోంచి లోపలికి చూశాడు. డిస్కు కొత్తగా తోమిన పళ్లెంలాగా తెల్లగా మెరుస్తోంది. నీలి మచ్చ ఒక్కటి కూడా లేదు.

"లేతు పట్టించిండ్రు," అన్నాడు లేచి. "నిన్న పట్టించిండ్రు. చూడు ఎంకటన్నా, ఎట్ల మెరుస్తున్నదో. శుక్కరారం నీలి మచ్చలుండె. మాసన్నను అడుగు!"

వెంకటన్న మాసయ్య వైపు చూశాడు. కురుమూర్తి చూడలేదు. భుజం మీది తువ్వాల తీసి దులుపుకుంటున్నాడు.

"ఏం మాసయ్యా? చేసినవా ఏమన్న?" అన్నాడు వెంకటన్న.

మాసయ్య ఇంకా ఆ ట్రాక్టరు టైరు దగ్గరే ఉన్నాడు. "దుమ్ము పట్టుండె," అన్నాడు. "తుడిసిన. గంతే."

"శుక్కరారం నీ చేతులల్ల ఊగలేదా? నేను నవ్వలేదా? నువ్వు నవ్వలేదా మాసన్నా?"

"నాకు గుర్తు లేదు యేసయ్యా. దినాం ఎన్నో బండ్లొస్తయి." ఆ మాట అని అతను ఒక్కసారి యేసయ్య మొహంలోకి చూశాడు. కోపం కాదు, జాలి కాదు. నాకూ పిల్లలున్నారు అన్నట్టుంది ఆ చూపు. దానికంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

మూటలు దించారు. వెంకటన్న పక్కసీట్లో కూర్చున్నాడు. నాగేశ్ బండిని రోడ్డు మీద జోరుగా తోలుకొచ్చి, జనం ఎదురుగా బ్రేకు వేశాడు. బండి మెత్తగా, దారానికి కట్టి ఆపినట్టు ఆగింది. స్టీరింగు ఒక్క వేలితో పట్టుకుని చూపించాడు. పిల్లలు ఈలలు వేశారు.

"ఇగ నువ్వు," అన్నాడు కురుమూర్తి.

యేసయ్య ఎక్కాడు. సీటు నాగేశ్‌కు సరిపోయేట్టు వెనక్కి జరిపి ఉంది. అతను దాన్ని ముందుకు లాక్కోలేదు. పక్కన వెంకటన్న రోడ్డు వైపు కాక అతని చేతుల వైపే తిరిగి కూర్చున్నాడు. బండి కదిలింది. మొదటి గేరు, రెండో గేరు. అప్పుడు మొదలైంది. ముందు ఎడమచేతి చిటికెన వేలు, తరువాత మణికట్టు, తరువాత రెండు చేతులూ. కోపం పొగలాగా లేస్తోంది. అరవడానికి లేదు, ఏడవడానికి లేదు. అది పోయి చేతుల్లోకి దిగింది. ఆపాలని గట్టిగా పట్టుకున్నకొద్దీ ఎక్కువైంది. క్రిస్మస్ తరువాతి రోజుల్లో కూడా ఇంతగా వణకలేదు. బ్రేకు వేశాడు. బండి మెత్తగా ఆగింది. స్టీరింగు రాయిలాగా నిలబడి ఉంది. దాని మీద అతని చేతులు మాత్రం గడగడలాడుతున్నాయి.

వెంకటన్న తలుపు బార్లా తెరిచి కిందికి దిగాడు. ఆయన చెప్పవలసిన పని లేదు. ఆ తెరిచిన తలుపులోంచి అందరూ చూశారు.

"అయ్యో పాపం," అంది ఒక ముసలామె. నిజంగానే అంది.

కురుమూర్తి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గెలిచిన గర్వం మొహంలో లేదు. ఇంటి మనిషితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడాడు. "దిగు యేసయ్యా. నిన్ను ఇడిసిపెడ్తననుకున్నవా? మూటలు ఎత్తనీకి దించనీకి నువ్వే ఉంటవ్, దేవమ్మ గూడ ఉంటది. చేతులు నావే వణికినయి అని నల్గురి ముందట ఒక్క మాట అను. అమ్మ మీద అన్న మాట వాపస్ తీస్కో. ఇగ అయిపాయె. మనసుల పెట్టుకునేటోన్ని గాదు నేను."

దేవమ్మ కూలీల్లోంచి ముందుకు వచ్చింది. "అనకు," అంది. ఆమె గొంతు వాకిలంతా వినబడింది. "ఏమన్న గాని. మళ్ల బొంబాయి పోదాం. అనకు."

యేసయ్య ఆమెను చూశాడు. ఆమె వెనక నిలబడ్డ తన వాడవాళ్లను చూశాడు. వాళ్లందరికీ ఆ చేలలోనే పని. వాళ్లలో ఒక్కరు కూడా దేవమ్మ పక్కకు జరగలేదు. కొందరు నేల చూపులు చూస్తున్నారు, కొందరు త్వరగా అనెయ్యి, ఎండెక్కుతోంది అన్నట్టు చూస్తున్నారు. బొంబాయి తట్ట బరువు నెత్తి మీద తెలిసింది అతనికి. నిజం చెప్పి నెగ్గాలని వచ్చాడు. నిజం ఏమిటో ఇక్కడ తెలియని మనిషి లేడు. తెలిసినవాళ్లకు ఏమని చెప్పాలి?

బండి దిగాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నా చేతులే వణికినయి," అన్నాడు. "అవ్వ నీళ్లల్ల ఏం తప్పు లేదు."

వాకిట్లో గాలి తేలికైంది. ఎవరో బీడీ ముట్టించారు. వెంకటన్న, "ఒప్పుకున్నోనికి ఇంకేం శిక్ష, పోండ్రి పనికి," అన్నాడు. మాసయ్య ఎప్పుడు వెళ్లిపోయాడో వెళ్లిపోయాడు. దేవమ్మ మొగుడి వైపు చూడకుండా, కొంగు నడుముకు చెక్కుకుని, ఇంటి దారి పట్టింది.

మర్నాడు పొద్దున యేసయ్య ఒక్కడే పనికి వచ్చాడు. దేవమ్మ రాలేదు, ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. నాగేశ్ బండిని వెనక్కి పెట్టి, దిగకుండా అద్దంలో తల దువ్వుకుంటున్నాడు. యేసయ్య మూటను రెండు చెవులు పట్టి లేపి, మోకాలి మీదికి, మోకాలి మీది నుంచి భుజం మీదికి వేసుకుని, బండిలోకి దొర్లించాడు. పట్టు ఎక్కడా జారలేదు. మళ్లీ ఇంకొకటి. మళ్లీ ఇంకొకటి. కురుమూర్తి వేపపుల్ల నములుతూ వచ్చి కాసేపు చూశాడు. నిజంగానే సంతోషించాడు.

"చూసిండ్రా?" అన్నాడు కూలీలతో. "మనిషి తన తప్పు ఒప్పుకున్నడు, తెల్లారెటాల్లకు చేతులు ఎట్ల నిలబడ్డయో."

కూలీలు నవ్వారు. అద్దంలోంచి నాగేశ్ కూడా నవ్వాడు. అందరూ తన వైపే చూస్తున్నారని యేసయ్యకు తెలిసింది. అతనూ నవ్వాడు. నవ్వి, తరువాతి మూట కోసం వంగాడు.